ఇల్లు మారేవాని మూట

— బి.కాం. తృతీయ సంవత్సరం, తెలుగు విభాగం

తెలిసిన ఇంటిలో మనిషి చీకటిలో కూడా తడబడక నడుస్తాడు. నీళ్ళకుండ ఎక్కడున్నదో, దీపపుగూడు ఏ గోడకున్నదో, గడప ఎంత ఎత్తున్నదో అతని కంటికంటె కాళ్ళకూ చేతులకూ బాగా తెలుసు. ఒకనాటి రాత్రి అతడు నిద్రిస్తుండగా ఎవరో వచ్చి, అతని మేలు కోరియే, కుండను వంటింటి నుండి వసారాకు మార్చి, దీపపుగూటిని మూసి, గడపను రెండంగుళాలు పెంచి పోయినారనుకొందాం. తెల్లవారి లేచినవాడు ఆ మేలును మెచ్చుకొంటాడా? ముందు కాలు తగిలించుకొంటాడు. మెచ్చుకోవడం సంగతి ఆ తరువాత.

అంతర్జాలం వాడేవారికి ఏడాదికొకసారైనా అనుభవానికి వచ్చే విషయమిది. కంప్యూటర్‌లోగాని, చేతి ఫోనులోగాని అంతర్జాలాన్ని మనకు తెరచి చూపే సాధనానికి బ్రౌజర్ అని పేరు. భాషాభిమానులు దానికి ‘విహారిణి’ అని చక్కని పేరు పెట్టినారు. కాని బాలాపూర్ చౌరస్తాలో నిలబడి ఆ మాట అంటే ఏదో యాత్రల బస్సు అనుకొనే ప్రమాదమున్నది. కనుక ఈ వ్యాసంలో బ్రౌజర్ అనియే వ్రాస్తాను. భాషాభిమానులు క్షమింతురుగాక.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. వీధి అందరికీ ఆవిడ ఖాలాజాన్. ఉర్దూ చక్కగా చదువగలరు. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. చూపు మందగించినందువల్ల ఫోను తెర ఆవిడకు పనికిరాదు. జెద్దాలో పనిచేసే పెద్దకుమారుడు సెలవుకు వచ్చినప్పుడు ఒక పాత కంప్యూటర్ కొని ఇంటిలో పెట్టి, బ్రౌజర్ పైభాగాన వరుసగా ఐదు బుక్‌మార్కులు అమర్చి పోయినాడు. మొదటిది ఉర్దూ వార్తలు, రెండవది ఖురాన్ పఠనం, మూడవది కుమారునితో ముఖాముఖి మాట్లాడే పేజీ, నాలుగవది కరెంటు బిల్లు, ఐదవది మనుమరాలి బడి. వాటి మీద ఏమి వ్రాసి ఉన్నదో ఖాలాజాన్ ఎన్నడూ చదువలేదు. మూడవ ఖానా అంటే కొడుకు. ఆవిడకు తెలిసిన కంప్యూటర్ విద్య అంతే. అవసరమైనది కూడా అంతే.

నిరుడు ఒక ఉదయం నాకు కబురు వచ్చినది. వెళ్ళగానే, “బేటా, నా ఖానాలు ఎవరో ఎత్తుకొనిపోయినారు” అన్నారు. రాత్రికి రాత్రి ఆ బ్రౌజర్ తనను తాను నవీకరించుకొని కొత్త వేషం వేసుకొన్నది. ఐదు బుక్‌మార్కుల వరుస కనుమరుగైనది. ఎక్కడో మూడు మెట్ల లోపల దాగిన ఒక ఆజ్ఞను పట్టుకొని వరుసను తిరిగి రప్పించడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టినది. వచ్చినది కాని, మొదటి స్థానంలో ఆ బ్రౌజర్ తయారీదారులదే ఒక కొత్త బొమ్మ చేరి కూర్చున్నది. దానిని తొలగించే మార్గం నాకు దొరికేసరికి మరి రెండు వారాలు గడచినవి. ఆ రెండు వారాలూ ఖాలాజాన్ కొడుకు కోసమని మూడవ ఖానాను నొక్కడం, ఖురాన్ పఠనం వినపడడం జరిగినది. “పోనీలే, సవాబైనా దక్కింది” అని నవ్వినారు. జెద్దాలో ఉన్న కుమారుడు మాత్రం తల్లి పలకరించలేదని కలతపడి పక్కింటివారికి ఫోను చేసినాడు.

ఏ బ్రౌజర్ అన్నది ఇక్కడ అనవసరం. దాదాపు అన్నీ ఏదో ఒకనాడు ఈ పని చేసినవే. నేను చెప్పదలచినది వేరు. చదువు రెండు విధాలు. అక్షరాన్ని చదవడం ఒకటి, చోటును చదవడం మరొకటి. ఇంగ్లీషు రానివారు, చూపు తగ్గినవారు, మా కళాశాలలో మొదటి సంవత్సరం చేరి జీవితంలో మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళు, వీరంతా మొదట చోటునే చదువుతారు. ‘కుడివైపు పైన మూడు గీతలు, దాని క్రింద నాలుగవ వరుస’ అని నోటుపుస్తకంలో వ్రాసుకొన్నవారిని నేను చూచినాను. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు గడువు ముగిసే వారంలో ఆ మూడు గీతలు మూడు చుక్కలైపోతే, అందమైన మార్పు అని మనం అనుకొనేది వారికి నేర్చిన చదువు పోవడమే. తెలిసినవాడికి పది నిమిషాల విసుగు. తెలియనివాడికి మరల మొదటి తరగతి.

నచ్చకపోతే వేరే బ్రౌజర్‌కు మారవచ్చును గదా అనేవారు లేకపోలేదు. మారవచ్చును. ప్రపంచంలో లక్షలమంది అట్లే మారినారు. ఆ వలసల చరిత్రను కొంచెం పరికిస్తే, మారగల స్వాతంత్ర్యం ఎక్కడ నుండి వస్తుందో, ఎక్కడ లేకుండా పోతుందో తేటపడుతుంది.

ఫైర్‌ఫాక్స్ సంగతి చూడండి. 1998లో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజర్ మూలరచనను లోకానికి బహిరంగపరచగా, ఆ విత్తనం నుండి మొలచి 2004 నవంబర్ 9న మొదటి పూర్తి సంచికగా వెలువడినది. అప్పటికి మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌దే సర్వాధిపత్యం. ఆ గుత్తను మొదట సడలించినది ఫైర్‌ఫాక్సే. దానిని ప్రేమించినవారు తమకు కావలసిన రీతిలో దానిని మలచుకొనేవారు. ఆ స్వేచ్ఛయే దాని ఆకర్షణ. 2011 మార్చిలో నాలుగవ సంచికతో ట్యాబులు చిరునామా పట్టీకి పైకెక్కినవి, అడుగున ఉండే స్థితిపట్టీ పోయినది. 2014 ఏప్రిల్ 29న వచ్చిన 29వ సంచిక ‘ఆస్ట్రాలిస్’ అనే కొత్త రూపం ధరించినది. ట్యాబుల అంచులు వంపు తిరిగినవి, ఆజ్ఞలన్నీ కుడిమూల మూడు గీతల వెనుకకు చేరినవి. అలవాటుపడినవారు గగ్గోలు పెట్టినారు. వారిలో ఒకరు ఊరకుండక, పాత రూపాన్ని తిరిగి తెచ్చే ‘క్లాసిక్ థీమ్ రిస్టోరర్’ అనే పొడిగింపును వ్రాసి పంచిపెట్టినారు. మూడేళ్ళు దానితో కాలం గడచినది. 2017 నవంబర్ 14న 57వ సంచిక వచ్చి పాతరకం పొడిగింపులన్నింటికీ స్వస్తి చెప్పగా అదీ పోయినది. 2021 జూన్ 1న ‘ప్రోటాన్’ అనే మరొక రూపం వచ్చినది. ట్యాబులు పట్టీని విడిచి విడివిడి బొత్తాముల వలె తేలినవి. పైపట్టీలు లావెక్కి చదివే పేజీకి చోటు తగ్గినది. పాత రూపానికి పోవడానికి లోపల ఎక్కడో ఒక రహస్యపు మీట మొదట ఉండినది. రెండు నెలలకే, ఆగస్టులో వచ్చిన 91వ సంచికలో ఆ మీటనూ తీసివేసినారు. తలుపు వేసినారు, తరువాత కిటికీ వేసినారు, చివరకు పిల్లి దూరే కంతనూ పూడ్చినారు.

అలిగినవారు ఎక్కడికి పోయినారు? కొందరు పేల్ మూన్ అనే దానికి పోయినారు. ఫైర్‌ఫాక్స్ మూలరచననే తీసుకొని 2009 నుండి వేరుగా నడుస్తూ పాత రూపాన్ని కాపాడుకొంటున్న బ్రౌజర్ అది. కొందరు వాటర్‌ఫాక్స్‌కు పోయినారు. కాని చాలామంది పోయినది గూగుల్ వారి క్రోమ్‌కు. ఇందులోని వింత గమనించదగినది. ఫైర్‌ఫాక్స్ క్రోమ్‌ను అనుకరిస్తున్నదని కోపించినవారే ఆ కోపంలో క్రోమ్ ఇంటికి కాపురం మార్చినారు!

ఓపెరా చరిత్ర ఇంకా విచారకరం. నార్వే దేశపు ఈ బ్రౌజర్ పేరు మన పేటలకు కొత్త కాదు. చిన్న బొత్తాముల ఫోన్ల కాలంలో ఓపెరా మినీ మనవారికి ఎంతో ఉపకారం చేసినది. పేజీని తన సర్వర్లలో కుదించి పంపేది కనుక పది రూపాయల రీచార్జి పది రోజులు వచ్చేది. కంప్యూటర్ మీది ఓపెరాకు మాత్రం వేరొక కీర్తి ఉండినది: అందులో ఉత్తరాల పెట్టె ఉండేది, బుక్‌మార్కుల బీరువా ఉండేది, ప్రతి మీటనూ ఇష్టం వచ్చిన చోట పెట్టుకొనే వీలుండేది. 2013 జూలైలో వచ్చిన 15వ సంచికలో సంస్థవారు తమ సొంత ఇంజనైన ప్రెస్టోను విడిచి, క్రోమ్‌కు ఆధారమైన క్రోమియంను తెచ్చుకొన్నారు. ఆ మార్పులో బుక్‌మార్కుల బీరువా కూడా మాయమైనది! పుస్తకాల షాపుకు పోతే పుస్తకాలు తప్ప అన్నీ ఉన్నవన్నట్లు. ఓపెరా స్థాపకులలో ఒకరైన జాన్ వాన్ టెచ్నర్ అప్పటికే, 2011లోనే, సంస్థను విడిచి ఉండిరి. ఆయన దిక్కులేనివారైన పాత ఓపెరా అభిమానులను కూడదీసి వివాల్డీ అనే కొత్త బ్రౌజర్‌ను కట్టినారు. 2015 జనవరిలో దాని తొలి నమూనా, 2016 ఏప్రిల్‌లో మొదటి పూర్తి సంచిక వెలువడినవి. ట్యాబులు పైన కావాలా, క్రింద కావాలా, ప్రక్కన కావాలా అన్నది వాడేవారి ఇష్టానికే విడిచినారు. ఆ మర్యాద నాకు నచ్చినది. అయితే ఆ ఇంటికి కూడా పునాది క్రోమియమే. ఈ సంగతికి మరల వస్తాను.

ఇక మన తెలుగువారి సొంత అనుభవం ఒకటి ఉన్నది. నేటి విద్యార్థులలో అది తెలిసినవారు అరుదు. మా అన్నయ్య చెప్పగా విని, తరువాత చదివి తెలుసుకొన్నాను.

2000 ప్రాంతంలో మన తెలుగు దినపత్రికలు అంతర్జాలంలోకి అడుగుపెట్టినప్పుడు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క సొంత ఖతి ఉండేది. అది కేవలం అక్షరాల అందం విషయం కాదు. లోపల దాచిన సంకేతమే వేరు. ఇంగ్లీషు అక్షరం ఉండవలసిన గదిలో ఈ పత్రిక ఒక తెలుగు అక్షరపు ముక్కను పెడితే, ఆ పత్రిక అదే గదిలో మరొక ముక్కను పెట్టేది. ఆ ఖతి కంప్యూటర్‌లో లేకపోతే వార్త బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు గీతలు కనిపించేవి. ఈ ఇబ్బంది తీరడానికి పేజీతో పాటే ఖతి కూడా దానంతట అది దిగివచ్చే ఏర్పాటు ఒకటి చేసినారు. ఆ ఏర్పాటు ముఖ్యంగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే సరిగా పనిచేసేది. ఫలితం ఏమి? 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చినప్పుడు, అది మేలైనదని ఒప్పుకొన్న తెలుగు పాఠకుడు కూడా ఉదయం ఈనాడు చదవాలంటే తిరిగి పాత బ్రౌజర్‌నే తెరవవలసి వచ్చేది. అతనిని కట్టివేసినది ఆ బ్రౌజర్ మీది మోజు కాదు. తన మాతృభాష అక్షరాలు అందులో చిక్కుకొని ఉండినవి.

ఆ ముడిని విప్పినవాడు నాగార్జున వెన్నా అనే తెలుగువాడు. ఆయన ‘పద్మ’ అనే పొడిగింపును మొజిల్లా, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ల కోసం వ్రాసినారు. పత్రికల సొంత సంకేతాలను పేజీ తెరుస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చి చూపేది అది. ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడక, ఏ పత్రికనూ మారమని ప్రాధేయపడక, పాఠకుని వైపు నిలబడి చేసిన ఉపకారం. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి సంచికలోనే చోటు దొరికినది; 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఖతి కూడా ఉండినది. అయినను పత్రికలన్నీ ఆ బాటకు రావడానికి ఏళ్ళు పట్టినవి. అవి వచ్చిన తరువాత పద్మ అవసరం దానంతట అదే తగ్గినది. ఒక సాధనానికి అంతకంటె గౌరవమైన విశ్రాంతి ఏముంటుంది?

ఉర్దూ విభాగపు మిత్రులు ఈ చిక్కును మరొక దారిన దాటినారు, దాటి వేరొక చిక్కులో పడినారు. నస్తాలీఖ్ లిపి వాలుగా, ఒకదానిపై ఒకటి ఒదిగి నడిచేది కనుక, ఇన్‌పేజ్‌లో కూర్చిన పత్రిక పుటను చాలాకాలం బొమ్మగా మార్చి అంతర్జాలంలో పెట్టేవారు. బొమ్మ ఏ బ్రౌజర్‌లోనైనా కనిపిస్తుంది, నిజమే. కాని దానిలో ఒక మాటను వెదకలేము, ఒక వాక్యాన్ని తీసి ఉత్తరంలో పెట్టలేము, చూపు తగ్గినవారికి అక్షరం పెంచి చూపబోతే మసకలే మిగులును. నేడు ఉర్దూకు కూడా యూనికోడ్‌లో చక్కని నస్తాలీఖ్ ఖతులు ఉన్నవి.

ఈ రెండు అనుభవాల నుండి నేను గ్రహించినది ఒక్కటే. నచ్చని ఇంటిని విడిచిపోగల స్వాతంత్ర్యం, పోయే ధైర్యంలో లేదు. మన మూట ఆ ఇంటి తలుపులో పట్టడంలో ఉన్నది. అవతలి ఇంటిలో ఆ మూట విప్పగలగడంలో ఉన్నది. మన అక్షరాలు అందరి అక్షరాలైననాడు మనం కదలగలిగినాము. అవి ఒకరి సొత్తుగా ఉన్నన్నాళ్ళూ తిట్టుకొంటూ అక్కడే ఉన్నాము.

న్యాయంగా అవతలివారి వాదం కూడా చెప్పవలసి ఉన్నది. రూపం మార్చేవారందరూ వెర్రివారు కారు. తెరలు చిన్నవైనవి, మౌస్ బదులు వ్రేలు వచ్చినది. సన్నని బొత్తాములు వ్రేలికి అందవు. 2017 నాటి ఫైర్‌ఫాక్స్ మార్పు వల్ల పాత పొడిగింపులు చచ్చినవి నిజమే, కాని ఆ పాతరకం పొడిగింపుకు బ్రౌజర్‌లోని ప్రతి మూలకూ ప్రవేశముండేది. మంచివాడు వ్రాస్తే మంచిది, దొంగ వ్రాస్తే మన సంకేతపదాలన్నీ వాని చేతిలో ఉన్నట్లే. ఆ మార్పుతో బ్రౌజర్ వేగం కూడా స్పష్టంగా పెరిగినది. ఇవన్నీ ఒప్పుకొంటాను. కాని లోపలి యంత్రాన్ని బాగుచేయడానికీ, వాకిలి ఎక్కడున్నదో మార్చడానికీ ఏ సంబంధమూ లేదు. మోటారు ఇంజను బాగుచేసిన మేస్త్రీ బ్రేకు తీసి కుడి తలుపుకు బిగించి ఇస్తే మనం ఒప్పుకోము. బ్రౌజర్ల విషయంలో ఈ రెండు పనులూ ఒకే పొట్లంలో కట్టి ఇస్తారు. రక్షణ కావాలంటే కొత్త ముఖాన్ని కూడా పుచ్చుకోవలసినదే. నా ఫిర్యాదంతా ఈ పొట్లం మీదనే.

ఈ పొట్లం నచ్చక మా తరగతి మిత్రుడొకడు నవీకరణలనే ఆపివేసినాడు. రెండేళ్ళ నాటి పాత సంచికనే వాడుతూ, అదొక ఘనకార్యం వలె చెప్పుకొంటున్నాడు. మిత్రునిపై ప్రేమ ఉన్నను ఈ పని తప్పని చెప్పక తప్పదు. పాత సంచికలోని కన్నాలన్నీ లోకానికి తెలిసిపోయి ఉంటవి. దొంగలు వాటి జాబితా చూచుకొని వస్తారు. ఆ బ్రౌజర్‌తోనే అతడు తండ్రిగారి బ్యాంకు ఖాతా తెరుస్తాడు. ముఖం నచ్చకపోతే ఇల్లు మారాలి గాని, గొళ్ళెం ఊడిన ఇంటిలో పడుకోరాదు.

నేను స్వయంగా రెండుసార్లు మారినాను. మొదటిసారి కోపంతో మారినాను కనుక ఒక వారం చాలా గర్వంగా ఉండినది. రెండవ వారం నుండి వ్రేళ్ళు పాత చోట్లనే వెదకసాగినవి. ఎనిమిది నెలలు గడచేసరికి ఆ కొత్త బ్రౌజర్ కూడా ఒక ఉదయం కొత్త వేషంలో ప్రత్యక్షమైనది! అప్పుడు నాకు నవ్వు వచ్చినది. రెండవసారి కోపం లేకుండా, ముందుగా మూట కట్టుకొని మారినాను. పది నిమిషాలలో పని అయిపోయినది.

ఆ మూటలో ఏమున్నదో సోదర విద్యార్థులకు చెప్పడం ఈ వ్యాసంలోని ముఖ్యమైన పని. ప్రతి పెద్ద బ్రౌజర్‌లోను బుక్‌మార్కులను ఒక దస్త్రంగా ఎగుమతి చేసే ఆజ్ఞ ఉన్నది. ఆ దస్త్రాన్ని మరే బ్రౌజర్‌లోనైనా దిగుమతి చేసుకోవచ్చును. కుతూహలం కొద్దీ నేను ఆ దస్త్రాన్ని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరచి చూచినాను. మొదటి పంక్తిలో ‘నెట్‌స్కేప్ బుక్‌మార్క్ ఫైల్ 1’ అని ఉన్నది! నెట్‌స్కేప్ బ్రౌజర్‌కు 2008 మార్చితోనే ఆదరువు నిలిచిపోయినది. ఇల్లు కూలిపోయినది గాని, ఆ ఇంటివారు మూట కట్టిన పద్ధతిని ఈనాటికీ పోటీదారులందరూ గౌరవిస్తున్నారు. సంకేతపదాలను కూడా ఇట్లే దస్త్రంగా తీయవచ్చును. అయితే ఆ దస్త్రంలో అవి మూత లేని డబ్బాలో డబ్బువలె ఉంటవి. ఎవరు తెరచినా చదువగలరు. కళాశాల ల్యాబులో ఎన్నడూ ఆ పని చేయకండి. ఇంటిలో చేసినను, దిగుమతి కాగానే ఆ దస్త్రాన్ని తుడిచివేయండి, చెత్తబుట్టలో కూడా ఉంచకండి.

ఇప్పుడు పునాది సంగతి. బజారులో బ్రౌజర్లు పదులకొలది కనిపిస్తవి. క్రోమ్, ఎడ్జ్, ఓపెరా, వివాల్డీ, బ్రేవ్ అని పేర్లు వేరు, రంగులు వేరు. ఇవన్నీ నడిచేది క్రోమియం ఇంజను మీదనే. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థయే సొంత ఇంజనును విడిచి 2020 జనవరిలో ఎడ్జ్‌ను దాని మీదికి మార్చినది. వేరుగా నిలిచినవి ప్రధానంగా రెండు: ఆపిల్ వారి వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్ వారి గెకో. అందులో వెబ్‌కిట్‌కు క్రోమియంతో పాత చుట్టరికమే ఉన్నది. 2013లో గూగుల్‌వారు వేరుపడినది దాని నుండియే. మన బల్లల మీది విండోస్ కంప్యూటర్లలో క్రోమియం కాని పేరున్న ఇంజను గెకో ఒక్కటే అనవచ్చును. ఆ ఫైర్‌ఫాక్స్ సంస్థకు రాబడిలో అధికభాగం, వెదుకులాటకు గూగుల్‌ను ముందుంచినందుకు గూగుల్ చెల్లించే సొమ్ము నుండి వస్తుంది. పోటీదారు ఇచ్చే సొమ్ముతో పోటీ నిలబడుతున్నదన్న మాట!

ఇది మన బాలాపూర్ విద్యార్థికి ఎందుకు అని అడుగవచ్చును. ఒకే ఇంజను మిగిలిననాడు జాలస్థలాలు కట్టేవారు ఆ ఒక్కదానిలోనే సరిచూచుకొని ఊరకుంటారు. దరఖాస్తు పుట అందులో తప్ప తెరచుకోదు. రూపం నచ్చినా నచ్చకపోయినా మనం అక్కడే ఉండవలసి వస్తుంది. ఇది ఊహ కాదు. ఇరవై ఏళ్ళ క్రిందట తెలుగు వార్త చదవడానికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరచినవారి కథ ఇంతకు ముందే చెప్పినాను. ఆ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15న సంస్థవారే వీడ్కోలు చెప్పినారు. దానిని మాత్రమే నమ్ముకొన్న కార్యాలయాలు అప్పుడు పడిన పాట్లు విన్నవారికి ఈ భయం అర్థమవుతుంది.

కళాశాల కార్యవర్గంవారికి నేను సవినయంగా కోరేది డబ్బు ఖర్చు లేని పని. మా ల్యాబులో నేడు ఒకే బ్రౌజర్ ఉన్నది. దాని రూపం విద్యాసంవత్సరం మధ్యలో, ఒక్కొక్కసారి దరఖాస్తుల గడువు వారంలోనే మారుతున్నది. ఫైర్‌ఫాక్స్‌వారు విద్యాసంస్థలు, కార్యాలయాల కోసమే 2012 నుండి దీర్ఘకాలపు సంచిక ఒకటి విడుదల చేస్తున్నారు. దానిలో రక్షణ మరమ్మతులు ఎప్పటికప్పుడు వస్తవి. రూపంలోను, సదుపాయాలలోను పెద్ద మార్పులు సుమారు ఏడాదికొకసారి మాత్రమే వస్తవి. ఇంతకు ముందు నేను ఫిర్యాదు చేసిన పొట్లాన్ని విప్పి రెండుగా ఇచ్చినట్లే. పాత ఏడాది సంచికకూ కొత్తదానికీ నడుమ కొంత గడువు కూడా ఇస్తారు కనుక, ఆ పెద్ద మార్పును వేసవి సెలవులకు దగ్గరగా పెట్టుకొనే వీలున్నది. జూన్‌లో తరగతులు తెరచినప్పుడు మొదటివారం అందరికీ ఒకేసారి చూపవచ్చును. ఇప్పుడున్న బ్రౌజర్‌ను తీసివేయమని నేననడం లేదు. రెండూ ప్రక్కప్రక్కన ఉంటే ఒకదానిలో తెరచుకోని పుట రెండవదానిలో తెరచుకొంటుంది, విద్యార్థి తనకు తెలిసిన ముఖాన్ని ఎంచుకొంటాడు.

రెండవ కోరిక భాషకు సంబంధించినది. ఫైర్‌ఫాక్స్ తెలుగులోను, ఉర్దూలోను కూడా లభిస్తుంది. స్వచ్ఛందంగా అనువదించిన మనవారి శ్రమ అది. మన కళాశాల పేరులో రెండు భాషలు ఉన్నవి; ల్యాబులోని ఒక్క కంప్యూటర్‌లోను ఈ రెండింటిలో ఏదీ కనిపించదు. ఉర్దూ రూపంలో ఒక విశేషమున్నది. అద్దంలో చూచినట్లు కిటికీ అంతా కుడి నుండి ఎడమకు తిరుగుతుంది, ‘వెనుకకు’ అనే బాణం కుడివైపు చూస్తుంది. మొదట చూచినప్పుడు నాకు తల తిరిగినది. నా ప్రక్కనే కూర్చున్న ఉర్దూ విభాగపు మిత్రుడు మాత్రం, “ఇన్నాళ్ళకు బాణం సరియైన వైపు చూచింది” అన్నాడు. ఒకరికి తలక్రిందులైనది మరొకరికి సొంత ఇల్లు. ఎవరి ఇల్లు వారు ఎంచుకోవాలనే గదా ఇంత వ్రాసినది.

ఖాలాజాన్ ఇంటి కంప్యూటర్‌లో ఇప్పుడు ఆ దీర్ఘకాలపు సంచిక, ఉర్దూ రూపంలో ఉన్నది. ఐదు ఖానాలూ కుడి నుండి మొదలవుతవి. మూడవ ఖానా మరల కొడుకే. ఈ మార్పుకు అలవాటుపడడానికి ఆవిడకు మూడు రోజులు పట్టినది. కాని ఈసారి ముందుగా అడిగి, ఆవిడ సరే అన్న తరువాతనే మార్చినాను. “మళ్ళీ ఎప్పుడు మారుతుంది?” అని అడిగినారు. వచ్చే వేసవిలో అని చెప్పినాను. గోడకున్న క్యాలెండర్‌లో ఆ నెల మీద చిన్న గుర్తు పెట్టుకొన్నారు.

కార్యవర్గంవారికి పై రెండు కోరికలతో వినతిపత్రం ఒకటి తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి గ్రంథాలయంలోని పత్రికల బల్లపై ఉంచినాము. సంతకం చేయదలచినవారు మధ్యాహ్న విరామంలో చేయవచ్చును. నవీకరణలు ఆపివేసిన ఆ మిత్రుడే మొదటి సంతకం చేసినాడు. అదే రోజు తన బ్రౌజర్‌ను కూడా నవీకరించుకొన్నాడు, గొణుక్కొంటూనే.